సాంబ్రాణికీ కలరా ఉండలకూ చుట్టరికం

పురుటి బిడ్డకు తలంటిన పిమ్మట సాంబ్రాణి ధూపం వేయుట మన గోదావరి సీమలో తరతరాల ఆచారం. ఆ సాంబ్రాణికీ, పురుగు పట్టకుండా ట్రంకు పెట్టెలో బట్టల నడుమ వేసే కలరా ఉండలకూ రసాయన శాస్త్రరీత్యా దగ్గరి చుట్టరికం ఉన్నదంటే గృహిణులు ఆశ్చర్యపోవచ్చును.

సాంబ్రాణి సుమత్రా ప్రాంతపు చెట్టు బంక. అరబ్బు వర్తకులు దీనిని 'లుబాన్ జావీ', అనగా జావా ధూపద్రవ్యం అన్నారు. ఆ మాటే ఐరోపావారి నోళ్ళలో నలిగి 'బెంజాయిన్' అయినది. అందుండి తీసిన ఆమ్లం బెంజోయిక్ ఆమ్లం. దానిని సున్నంతో కలిపి కాచగా వచ్చిన ద్రవానికి బెంజీన్ అను పేరు ఆ విధంగా దక్కినది. ఆ ద్రవాన్ని ఫారడే 1825లోనే దీపాల గ్యాసు తాలూకు నూనెలో కనుగొన్నాడు. ఆరు కర్బన పరమాణువులు వలయంగా చేతులు కలిపి ఉన్నవని 1865లో కెకూలే చెప్పాడు. ఈ వంశానికి 'ఆరోమాటిక్', అనగా సుగంధ వర్గమని పేరు. పేరు మంచిదే గాని, దీర్ఘకాలం పీల్చినచో బెంజీన్ ఎముకల మజ్జను చెరిచే విషం.

ఈ వలయం సులభంగా విడిపోదు. దానికి ఏది తగిలినదన్న దానినిబట్టి గుణం మారుతుంది. ఉదజని, ఆమ్లజనుల జంట తగిలిన వలయాలే వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్. భీమవరంలో 1895లో జన్మించి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లంలోనూ ఈ వలయమే ఉన్నది. గర్భిణులు నేడు మింగే మాత్ర అదే.

రెండు వలయాలు ఒక గోడను పంచుకుంటే నాఫ్తలీన్. అదే మన కలరా ఉండ. ఇది కరగకుండానే ఆవిరియై, బట్టల పోగులలో చేరుతుంది.

కొన్నేళ్ళ క్రితం కోనసీమ నుండి ఒక అమ్మమ్మగారు ఎనిమిది రోజుల మనుమడిని తీసుకొని వచ్చారు. కండ్లు పసుపు ముద్దలు. మూత్రం టీ డికాక్షను రంగు. నేల ఉసిరి పసరు వేయమని ఆమె అడిగారు. నాకు మాత్రం ముందుగా తగిలినది చొక్కా వాసన. పెద్దమనుమడి చొక్కాలను మురిపెంగా మూడేళ్ళు పెట్టెలో దాచి, తీసినవి తీసినట్లే తొడిగారు. పసరు వేయక, వెంటనే పెద్దాసుపత్రికి పంపాను. నీలికాంతి చికిత్సతో, రక్తమార్పిడితో బిడ్డ దక్కాడు.

కారణమేమనగా, శరీరంలో చేరిన నాఫ్తలీన్‌కు కాలేయం ఆమ్లజనిని చేర్చుతుంది. అలా పుట్టిన పదార్థాలు ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. వాటిని కాపాడే జి-6-పి-డి అను ఎంజైము పుట్టుకతోనే కొరవడినవారిలో కణాలు పగిలిపోతాయి. ఈ లోపం మగపిల్లలలోనే ఎక్కువ, చూచినంతమాత్రాన తెలియదు. కణాలు పగలగా పుట్టిన పసుపును వదిలించే శక్తి పసికందు కాలేయానికి చాలదు. అది మితిమీరితే మెదడుకు హాని. ఇట్టి కామెర్లకు ఇంటి వైద్యం చేయుచు గడపినది ఒక్క పూటయినా అపచారమే.

కనుక పసివారి బట్టల పెట్టెలో కలరా ఉండలు వేయవద్దు. ఎండిన వేపాకు, వట్టివేళ్ళు, పలుచని గుడ్డలో కట్టిన లవంగాలు చాలును. ఏడాదికి రెండుసార్లు ఎండబెట్టుట అన్నిటికన్న మేలు. ఇదివరకే ఉండలు వేసిన బట్టలను పలుమార్లు ఉతికి, ఎండలో ఆరవేసి, వాసన బొత్తిగా పోయిన తరువాతనే తొడగాలి. సాంబ్రాణి పొగ సైతం నేరుగా పసివాని ముక్కుకు తగలరాదు. గదికి వేసి, పొగ పోయిన పిదప బిడ్డను తేవాలి.

ఇంట్లో పొట్లం విప్పి ఉన్న తెల్లని ఉండ ఏదో తెలియనప్పుడు నీళ్ళలో వేయండి. కర్పూరం తేలుతుంది, నాఫ్తలీన్ మునుగుతుంది. అదే ఉండ చిక్కని ఉప్పునీటిలో తేలినచో నాఫ్తలీనే. అక్కడా మునిగితే మరుగుదొడ్లలో వేసే, క్లోరిన్ తగిలిన మరో బెంజీన్ బంధువు. మూడింటిలో ఏది మింగినా పిల్లలకు ప్రమాదమే. హారతి కర్పూరం సైతం మూర్ఛలు తెప్పించగలదు.