వెన్నుపామును నొక్కే పొర

మానవ శరీరంలో మెదడుతో సమానమైన ప్రాధాన్యం గల అవయవం వెన్నుపాము. సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలి మందం గల ఈ సున్నితమైన అవయవం వెన్నుపూసల నడుమనున్న నాళంలో ఒదిగి ఉంటుంది. వరాశిక, లౌతికళ, మృద్వి అనే మూడు పొరలు దీనిని కప్పి కాపాడుతాయి. వీటిలో వెలుపలిదైన వరాశిక మిక్కిలి దృఢమైనది. రక్షణకై ఏర్పడిన ఈ పొరయే అరుదుగా కీడు కలిగిస్తుంది. దీర్ఘకాలం కొనసాగే వాపు వలన అది మందమై, గట్టిపడుతుంది. చుట్టూ ఉన్న ఎముకల నాళం విస్తరించలేదు. కనుక ఒత్తిడి అంతా వెన్నుపాముపైనే పడుతుంది. ఈ వ్యాధిని వైద్యులు హైపర్‌ట్రోఫిక్ పాకీమెనింజైటిస్ అంటారు.

మెడ భాగంలో వచ్చే ఈ వ్యాధిని ఫ్రెంచి వైద్యులు షార్కో, జోఫ్రువా 1869లో వర్ణించారు. మొదట నాడీమూలాలు నలిగి మెడలోను, చేతులలోను తీవ్రమైన నొప్పి పుడుతుంది. తరువాత చేతి కండరాలు బలహీనపడి క్షీణిస్తాయి. చివరకు కాళ్లు బిగుసుకొని నడక తడబడుతుంది. మూత్రవిసర్జనపై అదుపు తప్పుతుంది.

పూర్వం శస్త్రచికిత్సలోనో, మరణానంతర పరీక్షలోనో గాని ఈ వ్యాధి బయటపడేది కాదు. నేడు రక్తనాళంలోనికి గాడోలినియం మందు ఎక్కించి తీసే ఎం.ఆర్.ఐ. చిత్రంలో మందమైన పొర ప్రకాశవంతంగా కనిపిస్తుంది. అయితే చిత్రం పొరను చూపగలదు గాని కారణాన్ని నిశ్చయంగా చెప్పలేదు. క్షయ, సిఫిలిస్, శిలీంధ్రాలు, కీళ్లవాతం, క్యాన్సరు, ఐజీజీ4 సంబంధిత వ్యాధి వంటివన్నీ పొరను ఇలాగే మందగింపజేయగలవు. అందువలన రక్తాన్ని, వెన్నుద్రవాన్ని పరీక్షిస్తారు. అవసరమైనప్పుడు పొరలోని చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు. దీనినే బయాప్సీ అంటారు. ఎంత వెదకినా కారణం దొరకని రోగులూ ఉంటారు.

ఇంత పరీక్ష ఎందుకు? వాపును తగ్గించే స్టెరాయిడ్లు శరీర రోగనిరోధక శక్తిని కూడా తగ్గిస్తాయి. క్షయ ఉన్నదని గుర్తించక, దానికి తగిన మందులు లేకుండా వీటిని మాత్రమే ఇస్తే లోపలి సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. క్షయ నేటికీ విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. సూక్ష్మజీవులు కారణం కాదని తేలినప్పుడు స్టెరాయిడ్లే ప్రధానమైన చికిత్స. మోతాదు తగ్గించగానే వ్యాధి తిరగబెడితే అజథయోప్రిన్, మెథోట్రెక్సేట్, రిటుక్సిమాబ్ వంటి మందులు వాడతారు.

వెన్నుపాము బాగా నలిగి అవయవాలు చచ్చుబడుతుంటే మందుల ఫలితం కోసం వేచి ఉండరాదు. శస్త్రవైద్యులు వెన్నుపూసల వెనుక భాగాన్ని తొలగించి, మందమైన పొరను కోసి, ఒత్తిడిని తగ్గిస్తారు. వాపు మళ్లీ రాకుండా ఆ తరువాత కూడా మందులు కొనసాగించవలసి ఉంటుంది.

నలిగిన నాడులు కొంతవరకు కోలుకొంటాయి. నశించినవి తిరిగి మొలవవు. కాబట్టి విడువని మెడనొప్పికి చేతుల బలహీనత, నడకలో తడబాటు తోడైనప్పుడు, దానిని సామాన్యమైన నొప్పిగా ఎంచి కాలయాపన చేయక వెంటనే వైద్యుని సంప్రదించాలి. ఈ వ్యాధిలో పోగొట్టుకొన్న కాలమే పోగొట్టుకొన్న నడక కావచ్చు.