మూడుల్ గ్రేడ్‌బుక్‌లో మార్కుల ఆధారిత మూల్యాంకనం: అమరిక - గణన పద్ధతి

1. ఉపోద్ఘాతం

ఆన్‌లైన్ బోధనకు కళాశాలలు వినియోగిస్తున్న వేదికలలో మూడుల్ ఒకటి. మార్టిన్ డౌగియామాస్ ఆస్ట్రేలియాలో రూపొందించిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ తొలి వెర్షన్ 2002లో విడుదలైంది. ఇందులో అసైన్‌మెంట్లు, క్విజ్‌ల మార్కులన్నీ వచ్చి చేరే పట్టికే గ్రేడ్‌బుక్. మార్కులు వేస్తే చాలు, మొత్తం అదే లెక్కిస్తుందని అధ్యాపకులు సాధారణంగా భావిస్తారు. అది లెక్కించే మాట నిజమే. అయితే ఆ లెక్క విశ్వవిద్యాలయ నిబంధనకు సరిపోతుందా లేదా అన్నది సెమిస్టర్ ఆరంభంలో చేసుకున్న అమరికను బట్టి ఉంటుంది.

ఇక్కడ పాయింట్లు అంటే విద్యార్థి ఆర్జించే మార్కులు. యూజీసీ పదిపాయింట్ల విధానంలో ఓ గ్రేడుకు 10, ఎ ప్లస్‌కు 9 అని ఇచ్చే గ్రేడు పాయింట్లు వేరు. పేరులోని సామ్యం వల్ల ఈ రెంటినీ కలిపి చూడరాదు.

2. గరిష్ఠ మార్కును బట్టే ప్రాధాన్యం

మార్కులను ఉన్నవి ఉన్నట్లుగా కూడే పద్ధతికి మూడుల్‌లో ‘నాచురల్’ అని పేరు. ఇది 2014లో వచ్చిన 2.8 వెర్షన్‌తో ప్రవేశించింది. ఇందులో ఒక్కొక్క అంశానికి ఎంత ప్రాధాన్యం దక్కుతుందో దాని గరిష్ఠ మార్కే నిర్ణయిస్తుంది. చిక్కు కూడా ఇక్కడే ఉంది. అసైన్‌మెంట్‌కు గరిష్ఠంగా 100 మార్కులు సాధారణంగా ముందే నింపి ఉంటాయి. దానిని మార్చడం మరచిపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు.

అంతర్గత మూల్యాంకనానికి 30 మార్కులు అనుకుందాం: రెండు మిడ్ పరీక్షలకు పదేసి, సెమినార్‌కు 5, అసైన్‌మెంట్‌కు 5. అసైన్‌మెంట్ గరిష్ఠం 100గానే ఉండిపోతే మొత్తం 125 అవుతుంది. అందులో 80 శాతం అసైన్‌మెంట్‌దే. మిడ్ పరీక్షలలో 9, 8, సెమినార్‌లో 5, అసైన్‌మెంట్‌లో నూటికి 40 పొందిన విద్యార్థికి గ్రేడ్‌బుక్ 62 మార్కులు, అనగా 49.6 శాతం చూపుతుంది. 4, 4, 2, 90 పొందిన మరొక విద్యార్థికి 100 మార్కులు, 80 శాతం చూపుతుంది. నిబంధన ప్రకారం మొదటి విద్యార్థికి రావలసినవి 30కి 24. రెండవ విద్యార్థికి 14.5. తరగతిలో వారి స్థానాలే తారుమారయ్యాయి. గ్రేడ్‌బుక్‌లో ఎక్కడా దోషసూచన కనిపించదు, ఎందుకంటే కూడికలో దోషం లేదు.

కనుక ప్రతి అంశానికి గరిష్ఠ మార్కును నిబంధనలో ఉన్నట్లే నమోదు చేసి, ‘వెయిట్’ గడులను ముట్టుకోకుండా వదిలివేయడం మేలు. వాటిని చేతితో మార్చిన మరుక్షణం కనిపించే మార్కులను కూడితే మొత్తం రాదు. విద్యార్థి తన మార్కులను తాను సరిచూసుకునే వీలు పోతుంది.

3. ఖాళీ గడి - సున్నా

గైర్హాజరు విషయం మరింత సున్నితమైనది. మార్కు పడని గడిలో చిన్న గీత మాత్రమే ఉంటుంది. ‘ఎక్స్‌క్లూడ్ ఎంప్టీ గ్రేడ్స్’ అనే ఎంపిక అమలులో ఉన్నంతవరకు ఆ గడి లెక్కలోకి రాదు. మొదటి మిడ్ పరీక్షలో 9 తెచ్చుకొని, ఆపై ఏదీ రాయని విద్యార్థికి 90 శాతం చూపుతుంది. ఆ ఎంపికను తొలగిస్తే 30 శాతం చూపుతుంది. అలాగని మొదటి రోజే తొలగిస్తే, ఇంకా జరగని పరీక్షలు కూడా సున్నాలై బాగా చదివేవారు సైతం తప్పినట్లు కనబడతారు. ఎంపికను అలాగే ఉంచి, గడువు ముగిసిన ప్రతి అంశంలో గైర్హాజరైన వారికి సున్నా నమోదు చేయడమే సమంజసం.

ఆ సున్నాను ఎక్కడ వేయాలన్నది కూడా ముఖ్యమే. నేరుగా గ్రేడ్‌బుక్ పట్టికలో వేస్తే అది ‘ఓవర్‌రిడెన్’ మార్కుగా స్థిరపడుతుంది. ఆ విద్యార్థి అనారోగ్య కారణం చూపి ఆలస్యంగా అసైన్‌మెంట్ సమర్పించి, అధ్యాపకుడు ఆ పుటలో 4 మార్కులు వేసినా గ్రేడ్‌బుక్‌లో సున్నాయే నిలుస్తుంది. అందువల్ల అసైన్‌మెంట్ సున్నాను అసైన్‌మెంట్ పుటలోనే వేయాలి. క్విజ్ అసలు రాయని వారికి ఆ వీలు లేదు. వారికి పట్టికలోనే వేసి, పునఃపరీక్ష జరిగితే ఓవర్‌రైడ్ గుర్తును తొలగించాలి.

4. మధ్యలో సవరణ

మార్కులు వేసిన తరువాత గరిష్ఠం 100 అని గుర్తించినా దిద్దుకోవచ్చు. అసైన్‌మెంట్ సెట్టింగులలో ‘రీస్కేల్ ఎగ్జిస్టింగ్ గ్రేడ్స్’ దగ్గర అవును అని ఎంచుకొని, తరువాత గరిష్ఠాన్ని 5గా మార్చితే 40 మార్కులు 2గా, 90 మార్కులు 4.5గా మారుతాయి. సవరణకు ముందు పట్టికను ఎక్సెల్ ఫైలుగా దించి భద్రపరచుకుంటే, పాత మార్కు ఏమిటని విద్యార్థి అడిగినప్పుడు చూపడానికి ఆధారం ఉంటుంది.