ఊరి పేరే నేరమైన చోట

చీరాల నుంచి బాపట్లకు రైల్లో వెళ్తుంటే దారిలో ఓ చిన్న స్టేషన్‌ వస్తుంది. బోర్డు మీద ‘స్టువర్టుపురం’ అని ఉంటుంది. ఆ పేరు వినని తెలుగువారు అరుదు. ఊరిని కళ్లారా చూసినవారు మాత్రం కొద్దిమందే. మిగతావారికి ఆ ఊరు తెలిసింది వెండితెర మీదే. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్‌’, ‘స్టువర్టుపురం దొంగలు’ అని రెండు సినిమాలొచ్చాయి. 2023లో ఆ ఊరి నేపథ్యంతోనే ‘టైగర్‌ నాగేశ్వరరావు’ వచ్చింది.

ఊరి పేరు చూడండి. అందులో తెలుగు మాట చివరి ‘పురం’ ఒక్కటే. మొదటి సగం మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన సర్‌ హెరాల్డ్‌ స్టువర్ట్‌ది. ఏటి ఒడ్డు చూసుకునో, చెరువు కింద భూమి చూసుకునో జనం వచ్చి కట్టుకున్న పల్లె కాదిది. ఒక చట్టం కింద మనుషుల్ని పట్టి తెచ్చి, 1913-14 ప్రాంతంలో ఇక్కడ ఉంచారు. వారు ఎరుకలవారు. ఒక సమాజం తనలోని కొందరిని ఎలా మలుస్తుందో, ఆ తర్వాత వారి పుట్టుకే అంతని ఎలా నమ్మేస్తుందో ఈ ఊరి నూరేళ్ల చరిత్ర చెబుతుంది.

పనిని బట్టి పేరు

ఎరుకలవారి భాష కుర్రు. తమిళానికి దగ్గరగా ఉండే ద్రావిడ భాష అది. తెలుగువారు వారికిచ్చిన పేరులో మాత్రం గౌరవం ఉంది. ఎరుక అంటే తెలివిడి. చేటలో గింజలు పోసి, చెయ్యి పట్టుకుని సోది చెప్పే ఎరుకలసాని కోసం ఆడవాళ్లు గుమ్మంలో ఎదురుచూసేవారు. యక్షగానాల్లో ఆమెది అందరూ మెచ్చిన పాత్ర. పద్మావతిని పెళ్లాడటానికి సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి వెళ్లాడని తిరుమల కథ చెబుతుంది.

వారిలోని శాఖల పేర్లు వింటే పాతకాలపు సంత కళ్లముందు నిలుస్తుంది. ఉప్పు మోసేవారు ఉప్పు ఎరుకలవారు. వెదురు దబ్బలు చీల్చి బుట్టలు, తట్టలు అల్లేవారు దబ్బ ఎరుకలవారు. కరివేపాకు తెచ్చి అమ్మేవారు కరివేపాకు ఎరుకలవారు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగుకు గంజి పట్టించే కుంచెలు చేసేవారు కుంచె ఎరుకలవారు. సాలెల ఇంట్లో మగ్గం ఆడాలంటే ఎరుకల ఇంట్లో కుంచె తయారు కావాలి. పల్లెకు వారి అవసరం ఉండేది, వారికి పల్లెతో పని ఉండేది.

దారి మూసుకుపోయిన కాలం

సముద్రతీరంలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి పల్లెలకు చేర్చడం, అక్కడి నుంచి ధాన్యం తేవడం ఎరుకలవారి పెద్ద వ్యాపారం. బండి దారి లేని ఊళ్లకు వారే అంగడి. ఉప్పు తయారీ, అమ్మకం ఈస్టిండియా కంపెనీ చేతుల్లోకి వెళ్లాక ఆ వ్యాపారానికి మొదటి దెబ్బ తగిలింది. 19వ శతాబ్దం రెండో సగంలో రైలు వచ్చి, గాడిద వారం రోజులు మోసే సరుకును ఒక్క పూటలో దించేసింది. 1876-78 నాటి ధాత కరువు పల్లెల్లో కొనేవాడిని, అమ్మేవాడిని కలిపి కూల్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం వెదురుకు, పశువుల మేతకు అడ్డుగోడ కట్టింది.

బతుకుదెరువు పోయినవారు ఊళ్లు పట్టుకు తిరిగారు. తిరిగేవారిని అధికారులు అనుమానించారు. ఎద్దుల మందలతో సైన్యాలకు సైతం ధాన్యం మోసిన లంబాడీలకూ ఇంచుమించు ఇదే జరిగింది. ఎరుకలవారిలో దొంగతనాలకు దిగినవారు లేరని ఎవరూ అనరు. ఉన్నారు. కానీ పని పోయాక వచ్చిన దొంగతనాన్ని పాలకులు రక్తంలో ఉన్న గుణంగా లెక్క రాశారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో దక్షిణాది ఎరుకల, వారి సోదర తెగ కొరవల వ్యాపారం చితికిపోయిన తీరును, వారిపై నేరముద్ర పడిన తీరును దస్తావేజులతో సహా చూపించారు.

పుట్టగానే పేరు రిజిస్టరులోకి

బ్రిటిష్‌ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. వడ్రంగం, నేత తరతరాలుగా ఇంట్లో ఎలా వస్తాయో నేరమూ అలాగే వస్తుందన్నది దాని వెనకున్న నమ్మకం. మొదట ఉత్తరాదిలో అమలైన ఈ చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించారు. కోర్టులో ఏ ఒక్కరి తప్పూ రుజువు కానక్కర్లేదు. తెగ పేరు గెజిట్‌లో ఎక్కితే చాలు, పోలీసు రిజిస్టరులో పేరు నమోదు చేసి వేలిముద్రలు తీసుకోవచ్చు. ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం 1897 నాటి సవరణతోనే వచ్చింది.

ఆ రోజుల జాడ మన నోటి మాటలోనూ మిగిలింది. అల్లరి పిల్లవాణ్ని ‘ఒరే కేడీ’ అని ముద్దుగా తిడతాం. పాత నేరస్థుల పేర్ల పక్కన పోలీసులు రాసుకున్న ‘నోన్‌ డిప్రెడేటర్‌’ అన్న మాటకు పొడి అక్షరాలే ఆ కేడీ.

తెగను ఒకచోట కూర్చోబెట్టి బాగుచేస్తామని సాల్వేషన్‌ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ముందుకొచ్చింది. అలా పుట్టినవే సెటిల్‌మెంట్లు. స్టువర్టుపురంతో పాటు నెల్లూరు జిల్లా కప్పరాళ్లతిప్ప, కృష్ణ ఒడ్డున సీతానగరం, అప్పటి కర్నూలు జిల్లా సిద్ధాపురం కూడా ఇలాంటివే. బడి పెట్టారు, సేద్యానికి భూమి చూపించారు. ఎంతోమందిని దగ్గర్లోని చీరాల పొగాకు కంపెనీలో కూలికి పంపారు. రాత్రి హాజరు మాత్రం తప్పదు. ఊళ్లు తిరిగి బతికిన వ్యాపారికి కదలకుండా ఉండటమే శిక్ష. ఈ చరిత్రలో మరో నొప్పి ఉంది. ఎరుకల గాడిదల బేరాన్ని తినేసిన రైలే, వారిని బందీలుగా ఉంచిన ఊరి పక్కనుంచి రోజూ కూత వేసుకుంటూ వెళ్లేది.

మనిషిగా పిలిచినవారు

స్వాతంత్ర్యం వచ్చాక ఈ చట్టం సంగతి తేల్చడానికి కేంద్రం వేసిన కమిటీకి తిరుపతి ప్రాంతపు నాయకుడు మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షుడు. 1949-50లో పనిచేసిన ఆ కమిటీ, చట్టాన్ని ఎత్తివేయాలని చెప్పింది. 1952 ఆగస్టు 31న అది రద్దయింది. దేశంలోని విముక్త జాతులు ఆ తేదీని విముక్తి దినంగా జరుపుకుంటాయి.

కాగితం మీది విడుదల ఊళ్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1970లలో లవణం, హేమలతా లవణం దంపతులు స్టువర్టుపురంలో అడుగుపెట్టారు. ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు, ఆమె మహాకవి గుర్రం జాషువా కుమార్తె. అంటరానితనం కాల్చిన గుండెలోంచి కవిత్వం రాసిన తండ్రి కూతురు పుట్టుకతో ముద్రపడిన జనం గడపలో కూర్చుని వారి మాట విన్నారు. లాఠీతో, వేలిముద్రలతో జరగని మార్పు పనితో, చదువుతో, నమ్మకంతో జరుగుతుందని ఆ దంపతులు పట్టుబట్టి చూపించారు. చాలామంది పాత దారి వదిలారు. మనుషుల చుట్టూ ఉన్న పరిస్థితి మారితే మనుషులు మారతారనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం తెలుగు నేల మీద వెతకనక్కర్లేదు.

మారాల్సింది ఎవరు?

నేరస్థ తెగల చట్టం వెళ్తూ వెళ్తూ తన నీడను వదిలి వెళ్లింది. దాని చోట రాష్ట్రాల్లో అలవాటుపడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. మద్రాసులోనైతే అది 1948లోనే వచ్చింది. ‘నేరస్థ తెగ’ అనే భావన అనేక రాష్ట్రాల జైలు నిబంధనల్లో మొన్నమొన్నటి దాకా బతికే ఉంది. జైళ్లలో కులవివక్షను చూపే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని, విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూడరాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పింది. చట్టం రద్దయిన 72 ఏళ్లకు వచ్చిన తీర్పు అది.

కోర్టు ఆ ముద్రను పుస్తకాల్లోంచి తీసేయగలిగింది. జనం నాలుక మీదది జనమే తీసేయాలి. ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు సొంతూరు పేరు చెప్పగానే ముఖాలు చూసుకోవడం మానాలి. దొంగతనం జరిగిన మర్నాడు ఆధారం లేకుండా కులం పేరు, ఊరి పేరు రాసే అలవాటును పత్రికలు వదులుకోవాలి. ఆ పేరుతో టికెట్లు అమ్ముకున్న సినిమా, ఉప్పు మోసి, కుంచె కట్టి, సోది చెప్పి ఈ నేలను పోషించిన ఎరుకలవారి కథను ఒక్కసారైనా తెరకెక్కించాలి. ఆ ఊరికి తెలుగు సమాజం అంతమాత్రం బాకీ ఉంది.