కదిలిన తల – కుదిరిన బొమ్మ

జగిత్యాల నుంచి కోరుట్లకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చొని దారిలోని చింతచెట్టును ఫోటో తీశారనుకోండి. చెట్టు అలుక్కుపోయినట్టు పడవచ్చు. కెమెరా రెప్ప తెరిచి ఉన్న ఆ క్షణంలోనే బస్సు కదిలిపోయింది కదా! మరి నాలుగు నిమిషాలు పట్టే ఫోటో అయితే?

ఎమ్.ఆర్.ఐ. యంత్రం తీసే తల బొమ్మ అలాంటిదే. బలమైన అయస్కాంతంలో మనిషిని పడుకోబెట్టి, శరీరంలోని హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో తరంగాలతో కదిలించి, అవి తిరిగి పంపే సంకేతాలను వరుస తర్వాత వరుసగా నమోదు చేస్తారు. 256 వరుసలు, వరుసకు ఒక సెకను అనుకుంటే 4 నిమిషాల 16 సెకన్లు! అంతసేపు ఐదేళ్ల పిల్లవాడు కదలకుండా ఉంటాడా? అందుకే చిన్నపిల్లలకు చాలాసార్లు మత్తు ఇవ్వవలసి వస్తుంది.

సిరిసిల్ల మరమగ్గం మీద బట్ట కూడా వరుసవరుసగానే తయారవుతుంది. అక్కడ ఒక పేక పోగు తప్పితే లోపం ఆ చోటనే ఉంటుంది. ఇక్కడ అలా కాదు, అదే తమాషా! ఎమ్.ఆర్.ఐ. వరుస అంటే బొమ్మలోని ఒక గీత కాదు. బొమ్మంతటా పరుచుకునే ఒక జాతి అలలు. సన్నవీ వెడల్పువీ అన్నీ కలిస్తేనే బొమ్మ. మధ్యలో తల కదిలితే తర్వాతి అలల శిఖరాలు ముందువాటితో పొసగవు. కనుగుడ్డు కదిలితే దాని నీడలు మెదడు మీద పడతాయి. ఆ నీడను జబ్బు అనుకుంటే ఎంత ప్రమాదం!

తల ఎంత జరిగిందో తెలిస్తే దిద్దవచ్చు. 3 మిల్లీమీటర్లు కుడికి జరిగిందనుకోండి. 12 మిల్లీమీటర్ల పొడవున్న అల తన పొడవులో పావు వంతు తప్పుతుంది. 6 మిల్లీమీటర్లదైతే సగం. కంప్యూటరు ప్రతి అలనూ దాని లెక్క ప్రకారం వెనక్కి జరిపి, అప్పుడు కలుపుతుంది. తల పక్కకు తిరిగితే మాత్రం చిక్కే. అలల దిక్కే మారి, కొన్ని అసలు నమోదు కాకుండా పోతాయి.

1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సి.టి. యంత్రం తొలి రోగి మెదడును చూసినప్పుడు, నీటిపెట్టెకు అమర్చిన రబ్బరు తొడుగులో తలను ఉంచారు. సరే, తలను బిగించవచ్చు. ఊపిరినో?

ఊపిరితో ఉదరవితానం పైకీ కిందికీ పోతుంది, దానితోపాటు కాలేయమూ. ఎమ్.ఆర్.ఐ. యంత్రం మధ్యమధ్య చిన్న కొలత తీసి కాలేయం పై అంచు ఎక్కడుందో చూసుకుంటుంది. సరైన చోట ఉన్నప్పటి వరుసలనే ఉంచుకొని, మిగతావి మళ్లీ తీస్తుంది.

గుండెనైతే క్షణం కూడా ఆగమనలేం. కాబట్టి ఇ.సి.జి. తీగలు తగిలించి, ప్రతి స్పందనలోనూ అదే ఘడియకు కొన్ని వరుసలు చొప్పున పోగుచేస్తారు. ఎన్నో స్పందనల వరుసలు కలిసి ఒకే గుండె బొమ్మ అవుతుంది.