స్పెయిన్ తీరంలో బ్రిటిష్ కాలనీలు.. ఎండ ఉంది, ఇల్లు ఉంది.. మరి చేతిలో కార్డు ఉందా?

సముద్రం పక్కన చిన్న ఇల్లు.. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ.. పింఛన్ డబ్బులతో హాయిగా గడిచిపోయే రోజులు. బ్రిటన్‌లో రిటైర్ అయినవాళ్లకు దశాబ్దాలుగా ఉన్న కల ఇది. ఆ కలను వెతుక్కుంటూ లక్షల మంది స్పెయిన్ తీరానికి వెళ్లి స్థిరపడ్డారు. అక్కడ అధికారికంగా పేరు నమోదు చేసుకున్న బ్రిటిష్ వాళ్లే రెండున్నర లక్షలకు పైన ఉన్నారు. నమోదు చేసుకోకుండా వచ్చిపోయేవాళ్లు వేరే. కానీ ఇప్పుడు ఆ లైఫ్ అంత సింపుల్‌గా లేదు. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ సిస్టమ్ దశలవారీగా మొదలైంది. పాస్‌పోర్టు మీద స్టాంపు బదులు వేలిముద్రలు, ఫొటో. ఎవరు ఎన్ని రోజులు ఉన్నారో ఇక కంప్యూటరే లెక్కేస్తుంది. అసలు అక్కడ రోజువారీ జీవితం ఎలా ఉంటుంది? ఇబ్బంది ఎక్కడ వస్తోంది?

చేపల ఊరు నుంచి టవర్ల సిటీ దాకా

అలికాంటే ప్రావిన్స్‌లోని బెనిడోర్మ్ ఒకప్పుడు మత్స్యకారుల పల్లె. 1950ల్లో అక్కడి మేయర్ పెడ్రో సరగోసా ఊరికి మాస్టర్ ప్లాన్ వేయించారు. అది ఫ్రాంకో నియంతృత్వ కాలం, చర్చి మాటకు ఎదురులేని రోజులు. అలాంటి టైమ్‌లో టూరిస్టులు బీచ్‌లో బికినీ వేసుకోవచ్చని అనుమతి ఇచ్చారాయన. 1967లో అలికాంటే ఎయిర్‌పోర్టు తెరుచుకుంది. ఆ తర్వాత ప్యాకేజీ టూర్లు, చవక విమానాలు. రెండు వారాల సెలవులకు వచ్చినవాళ్లకు ఊరు నచ్చింది. ఇంటి ధర చూస్తే లండన్‌తో పోలికే లేదు. అక్కడున్న ఇల్లు అమ్మేసి, ఇక్కడ ఇల్లు కొనేసి, మిగిలింది బ్యాంకులో వేసుకున్నారు.

అలా కోస్టా బ్లాంకా, కోస్టా డెల్ సోల్ తీరాల వెంట కాలనీలు పుట్టుకొచ్చాయి. వీటిని అక్కడ ఉర్బనిసాసియోన్ అంటారు. మన గేటెడ్ కమ్యూనిటీల లాంటివే. మధ్యలో స్విమ్మింగ్ పూల్, చుట్టూ తెల్లటి ఇళ్లు, ఓనర్ల సంఘం, మెయింటెనెన్స్ చార్జీలు, ఏటా జనరల్ బాడీ మీటింగ్. ఆ మీటింగ్‌లో గొడవలు కూడా మన అపార్ట్‌మెంట్లలో లాగే ఉంటాయి. పూల్ ఎన్ని గంటలకు మూయాలి, చార్జీలు కట్టని ఓనర్‌ని ఏం చేయాలి.. ఇవే. కాకపోతే అక్కడ ఇంగ్లీష్, స్పానిష్, కొన్నిచోట్ల డచ్, జర్మన్ భాషల్లో నడుస్తాయి. అలికాంటే జిల్లాలోని సాన్ ఫుల్హెన్సియో మున్సిపాలిటీలో సగానికి మించి జనం విదేశీయులే!

రోజు ఎలా గడుస్తుంది?

పొద్దున్నే వారపు సంత. కూరగాయలు, ఆలివ్‌లు, చెప్పులు, పాత సామాన్లు అన్నీ అక్కడే. మధ్యాహ్నం రెండింటికల్లా చిన్న షాపుల షట్టర్లు దించేస్తారు. మళ్లీ తెరిచేది సాయంత్రం ఐదు తర్వాతే. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నెలంతా ఈ టైమింగ్స్ అర్థంకాక మూసిన తలుపుల ముందు నిలబడతారు. మధ్యాహ్న భోజనానికి ‘మెనూ దెల్ దియా’ ఉంటుంది. మన మీల్స్ హోటల్ పద్ధతే అనుకోవచ్చు. ఒకటే ధర, అందులోనే రెండు వంటకాలు, బ్రెడ్, డ్రింక్, చివర్లో స్వీటో కాఫీనో.

టీ దగ్గర మాత్రం బ్రిటిష్ వాళ్లు రాజీ పడరు. స్పెయిన్‌లో ఎక్కువగా వాడేది నెలల తరబడి నిల్వ ఉండే డబ్బా పాలు. అవి పోస్తే టీ రుచి మారిపోతుందని ఫ్రెష్ పాల కోసం వెతుకుతారు. మన వాళ్లు విదేశాలకు పచ్చళ్లు మోసుకెళ్లినట్టు వీళ్లు ఇంటి నుంచి టీ పొడి తెచ్చుకుంటారు. టీ పొడికి ఇప్పటికీ అడ్డు లేదు కానీ.. 2021 నుంచి బ్రిటన్ నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి తీసుకురాకూడదు. బ్యాగులో శాండ్‌విచ్ ఉన్నా, అందులో హామ్ ముక్క ఉంటే పారేయాల్సిందే.

ఇంకో విషయం. స్పెయిన్ అంటే ఎప్పుడూ వేడి అనుకుంటారు. కానీ తీరంలో ఇళ్లు వేసవిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. టైల్స్ నేల, పల్చటి గోడలు, చాలావాటికి సెంట్రల్ హీటింగ్ ఉండదు. జనవరిలో బయట ఎండ కాస్తుంటే లోపల చలికి వణుకుతూ కూర్చోవాలి. నారింజ రంగు గ్యాస్ సిలిండర్ హీటర్‌కి తగిలించుకుంటారు. సిలిండర్‌లో గ్యాసే పన్నెండున్నర కిలోలు. డెబ్బై ఏళ్ల మనిషి దాన్ని మూడో అంతస్తుకు మోయడం ఎలాగో ఆలోచించండి.

ఎవరి దగ్గర ఏ కాగితం?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. బ్రెగ్జిట్ తర్వాత ఒకే వీధిలో ఉండే బ్రిటిష్ వాళ్లు రెండు వర్గాలు అయిపోయారు. 2020 డిసెంబర్ 31 లోపు స్పెయిన్‌లో చట్టప్రకారం నివాసం ఉన్నవాళ్లకు పాత హక్కులు దాదాపు అలాగే ఉన్నాయి. వాళ్ల చేతిలో ‘టియె’ అనే రెసిడెన్స్ కార్డు ఉంటుంది. కొత్త వేలిముద్రల సిస్టమ్ వీళ్లకు వర్తించదు.

మిగిలినవాళ్లు? ఇల్లు సొంతమే, కరెంటు బిల్లు, మున్సిపల్ పన్ను కట్టేదీ వాళ్లే. అయినా చట్టం దృష్టిలో టూరిస్టులే. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. షెంగెన్ వీసా మీద యూరప్ వెళ్లే మన వాళ్లకు ఉన్న రూలే ఇది. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. ఇది జనవరి నుంచి డిసెంబర్ లెక్క కాదు. ఈరోజు నుంచి వెనక్కి 180 రోజులు చూడాలి.. అందులో ఎన్ని రోజులు ఉన్నారో కూడాలి. రేపు మళ్లీ కొత్త లెక్క. మధ్యలో ఫ్రాన్స్‌లో నాలుగు రోజులు ఆగినా ఆ నాలుగూ ఇందులోనే కలుస్తాయి. చలికాలం మొత్తం, అంటే నవంబర్ నుంచి మార్చి దాకా ఉండిపోయే పాత అలవాటు దీంతో కుదరదు. ఇంతకుముందు స్టాంపు సరిగా పడకపోతే అడిగేవాళ్లు తక్కువ. ఇప్పుడు ఆ సందు మూసుకుపోతోంది.

పర్మినెంట్‌గా ఉండాలంటే దారి లేదా అంటే ఉంది. ‘నాన్ లుక్రేటివ్’ వీసా. అక్కడ ఉద్యోగం చేయకూడదు, ప్రైవేట్ హెల్త్ ఇన్సూరెన్స్ ఉండాలి, ఆదాయం చూపించాలి. స్పెయిన్‌లో ‘ఇప్రెమ్’ అనే ఆదాయ సూచీ నెలకు 600 యూరోలు. దానికి నాలుగు రెట్లు, అంటే ఏడాదికి 28,800 యూరోలు ఒక్క మనిషికే కావాలి. మన డబ్బుల్లో సుమారు 29 లక్షలు. భార్యకో భర్తకో ఇంకో 7,200 యూరోలు. ప్రభుత్వ పింఛన్ ఒక్కటే ఆధారంగా బతికే వాళ్లకు ఇది అందదు. ఐదు లక్షల యూరోల ఆస్తి కొంటే వచ్చే గోల్డెన్ వీసా కూడా 2025 ఏప్రిల్ 3తో ఆగిపోయింది.

పది నెలలు బండి ఆగిపోయింది

రూల్ మారితే మామూలు మనిషి రోజు ఎలా తలకిందులవుతుందో చెప్పడానికి డ్రైవింగ్ లైసెన్స్ కథ చాలు. స్పెయిన్‌లో నివాసం ఉంటున్న బ్రిటిష్ వాళ్ల లైసెన్సులు 2022 మే 1 నుంచి చెల్లకుండా పోయాయి. రెండు దేశాల మధ్య ఒప్పందం కుదరలేదు. కాలనీలేమో ఊరికి దూరం. బస్సు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. సూపర్ మార్కెట్, ఆస్పత్రి, మందుల షాపు.. అన్నింటికీ కారే దిక్కు. నలభై ఏళ్లుగా బండి నడిపినవాళ్లు ఒక్క రోజులో పక్కింటివాళ్ల లిఫ్ట్ మీద ఆధారపడాల్సి వచ్చింది. కొందరు ఆ వయసులో స్పానిష్ డ్రైవింగ్ టెస్టుకి కూర్చున్నారు. చివరికి 2023 మార్చి 16న ఒప్పందం అమల్లోకి వచ్చింది. పది నెలలకు పైగా పట్టింది.

పౌండ్ పడితే పింఛన్ పడినట్టే

వీళ్ల పింఛన్ పౌండ్లలో వస్తుంది, ఖర్చు యూరోలలో అవుతుంది. 2007లో వెయ్యి పౌండ్లు మారిస్తే 1,450 యూరోల చుట్టూ చేతికొచ్చేవి. 2008 డిసెంబర్ చివరికి అదే వెయ్యి పౌండ్లకు 1,050 యూరోలు కూడా రాలేదు. పింఛన్‌లో ఒక్క పెన్నీ తగ్గలేదు. అయినా నెల ఖర్చులో 400 యూరోల గండి. గల్ఫ్ నుంచి డబ్బు పంపేవాళ్లు రేటు చూసుకునేది రూపాయి పడితే ఇంటికి ఎక్కువ వస్తుందని. వీళ్లది సరిగ్గా రివర్స్.

వైద్యం విషయంలో మాత్రం పింఛనుదారులకు పెద్ద ఊరట ఉంది. ‘ఎస్1’ అనే ఫారం నమోదు చేసుకుంటే స్పెయిన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో చూస్తారు, ఖర్చు బ్రిటన్ భరిస్తుంది. పింఛన్ వయసు రానివాళ్లు ఏడాది నివాసం తర్వాత నెలకు 60 యూరోలు కట్టి ప్రభుత్వ వైద్యంలో చేరొచ్చు. అయితే భాష? డాక్టర్ చెప్పేది అర్థంకాకపోతే ఏ ఫారం ఉన్నా భయమే. అందుకే అలికాంటే తీరంలో స్వచ్ఛంద సంఘాలు పనిచేస్తున్నాయి. రెండు భాషలూ వచ్చిన రిటైర్డ్ వాళ్లు ఆస్పత్రికి తోడు వెళ్లి మాట మార్చి చెబుతారు. వీల్‌చైర్లు, చేతికర్రలు అద్దెకిస్తారు. ప్రభుత్వం చేయని పని వీళ్లు చేస్తున్నారనే చెప్పాలి.

కాగితాల పనికి ‘హెస్తోర్’ ఉంటాడు. ఫీజు తీసుకుని ఆఫీసుల చుట్టూ మన తరఫున తిరిగే మనిషి. మన దగ్గర ఆర్టీవో ఆఫీసు ముందు ఉండే ఏజెంట్ గుర్తొస్తాడు కానీ ఇక్కడ అది చట్టబద్ధమైన వృత్తి. దేనికైనా ముందు ‘సీతా ప్రెవియా’, అంటే ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్ దొరకాలి. అది దొరకడమే పెద్ద పని.

ఇల్లు కొన్నారు.. కూల్చేశారు

అన్నిటికంటే చేదు అనుభవం ఇళ్లది. 2008 జనవరిలో అల్మేరియా జిల్లా వెరాలో ఒక బ్రిటిష్ వృద్ధ దంపతుల ఇంటిని బుల్డోజర్‌తో కూల్చేశారు. వాళ్లు దొంగతనంగా కట్టలేదు. స్థానిక మున్సిపాలిటీ పర్మిషన్ ఇచ్చింది. ఆ పర్మిషనే చెల్లదని పై ప్రభుత్వం తేల్చింది. పర్మిట్ చేతిలో ఉన్నా ఇల్లు నిలవలేదు. ఆండలూసియాలో ఇలా కొన్నవాళ్లు వేలల్లో ఉన్నారు. వలెన్సియా ప్రాంతంలో సమస్య ఇంకో రకం. 1994 నాటి భూచట్టం ప్రకారం బిల్డర్ కొత్త కాలనీ ప్లాన్ వేస్తే, ఆ పరిధిలోకి వచ్చే పాత ఓనర్ కొంత స్థలం వదులుకోవాలి, పైగా రోడ్లకు, డ్రైనేజీకి డబ్బు కట్టాలి. ఫిర్యాదులు యూరోపియన్ పార్లమెంట్ దాకా వెళ్లాయి. 2009 మార్చిలో ఆ పార్లమెంట్ స్పెయిన్ తీరును తప్పుబడుతూ తీర్మానం చేసింది.

అటువైపు వాదన కూడా వినాలి. తీరంలో హోటల్ వర్కర్లకు, నర్సులకు, టీచర్లకు అద్దె ఇళ్లు దొరకడం లేదు. 2024లో మలగా, అలికాంటే నగరాల్లో జనం రోడ్డెక్కారు. 2025 జనవరిలో ప్రధాని పెడ్రో సాంచెజ్ ఓ ప్రతిపాదన ప్రకటించారు. ఈయూ బయటివాళ్లు, స్పెయిన్‌లో నివాసం లేనివాళ్లు ఇల్లు కొంటే వంద శాతం దాకా పన్ను వేయాలన్నది దాని సారాంశం. ఏడాదిలో తొమ్మిది నెలలు తాళం వేసి ఉండే ఇల్లు చూస్తే, అద్దెకు గది దొరకని కుర్రాడికి కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఒకరు పోతే?

ఈ కాలనీల్లో ఎక్కువమంది పైకి మాట్లాడని భయం ఇదే. భార్యాభర్తలు వచ్చారు, ఒకరు పోయారు. స్పెయిన్‌లో అంత్యక్రియలు సాధారణంగా రెండు రోజుల్లోపే అయిపోతాయి. బ్రిటన్‌లో వారాలు పట్టే పని. పిల్లలు టికెట్ బుక్ చేసుకుని వచ్చేలోపే అయిపోయిన సందర్భాలూ ఉంటాయి. తర్వాత ఆస్తి. స్పానిష్ చట్టం ప్రకారం ఆస్తిలో మూడింట రెండు వంతులు పిల్లలకు చెందాలి. ‘ఇల్లు నా భార్యకే’ అనుకుంటే సరిపోదు. 2015 ఆగస్టు 17 నుంచి అమల్లో ఉన్న యూరప్ నిబంధనతో తమ సొంత దేశ చట్టమే వర్తించాలని వీలునామాలో రాసుకోవచ్చు. రాయకపోతే? ఆవిడ ఉంటున్న ఇంట్లోనే వాటాల లెక్క మొదలవుతుంది.

ఒంటరిగా మిగిలినవాళ్లు వెనక్కి వెళ్లిపోదామంటే బ్రిటన్‌లో ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. ఇక్కడ అమ్మిన డబ్బుతో అక్కడ గది కూడా రాకపోవచ్చు. అందుకే చాలామంది ఉండిపోతారు. స్నేహితులు, పక్కింటివాళ్లే కుటుంబం అవుతారు. రెండు రోజులు కిటికీ తెరవకపోతే వెళ్లి తలుపు కొట్టేది వాళ్లే.

మరి ఊళ్లో వీళ్ల మాటకు విలువ ఎంత? టౌన్‌హాల్‌లో ‘పద్రోన్’ అనే జనాభా రిజిస్టర్ ఉంటుంది. కేంద్రం నుంచి వచ్చే నిధులు ఈ లెక్క మీదే ఆధారపడతాయి. పేరు రాయించుకోకపోతే ఆ మనిషి వాటా నిధులు ఊరికి రావు. చెత్త తీయడం లేదు, పోలీసులు లేరని తిట్టుకునే కాలనీల్లో పేరు రాయించుకోనివాళ్లు కూడా ఉంటారు, అదే చిత్రం. బ్రెగ్జిట్ తర్వాత ఓటు హక్కు పోతుందనుకున్నారు కానీ 2019 జనవరిలో రెండు దేశాలు సంతకం చేసిన ఒప్పందంతో అది నిలిచింది. మూడేళ్లు చట్టబద్ధంగా నివాసం ఉంటే మున్సిపల్ ఎన్నికల్లో ఓటేయొచ్చు, పోటీ కూడా చేయొచ్చు. తర్వాతి మున్సిపల్ ఎన్నికలు 2027 మేలో. ఓటరు లిస్టులో పేరు దానంతటదే రాదు.. ముందుగానే టౌన్‌హాల్‌లో అడిగి ఎక్కించుకోవాలి. దానికీ చాలాచోట్ల అపాయింట్‌మెంట్ కావాలి.