ఆకాశంలో అలజడి... గట్టు మీద తకరారు!

ఒకప్పుడు సర్వేయరు ఊళ్లోకి వచ్చాడంటే వెంట గొలుసు ఉండేది. గొలుసు లాగేవాడొకడు, జెండా పట్టేవాడొకడు, పాత హద్దురాయి ఎక్కడుందో చూపించే పెద్దమనిషి ఒకడు. ఆ చోటులోకి ఇప్పుడు కర్రకు బిగించిన పుట్టగొడుగులాంటి పరికరం వచ్చింది. పేరు రోవర్. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల మాట విని, మీరు నిలబడింది ఇక్కడేనని సెంటీమీటర్లతో సహా చెబుతుంది. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చాక భూముల పటాల మీద అందరి దృష్టీ పడింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లోనూ అంతే.

గుంటంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. అంటే ఒక్కో పక్క పది మీటర్లు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో సీడ్‌పత్తి వేసే రైతుకు ఆ గుంట ఎంత విలువైందో వేరే చెప్పాలా! గట్టు అడుగు జరిగితే అన్నదమ్ములే స్టేషన్ మెట్లెక్కుతారు. మరి ఆకాశం నుంచి వచ్చే లెక్కే తడబడితే?

తడబడుతుంది. అందులోనూ మన ఆకాశంలో మరీ ఎక్కువ!

దారిలో ఓ పొర

ఉపగ్రహం పంపే సంకేతం నేలకు చేరేలోపు అయనావరణాన్ని దాటాలి. సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా పరుచుకున్న పొర అది. సూర్యుడి తీక్షణ కిరణాలకు అక్కడి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. వాటి మధ్య నుంచి వచ్చే సంకేతానికి కాస్త ఆలస్యమవుతుంది. జీపీఎస్ లెక్కంతా కాలం మీదే కదా... ఆలస్యాన్ని అది దూరంగా లెక్కేసుకుంటుంది. చదరపు మీటరు స్తంభంలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో కొలిచే యూనిట్ ఒకటుంది. ఒక్క యూనిట్ పెరిగితే మామూలు జీపీఎస్ సంకేతం 16 సెంటీమీటర్లు తప్పు చెబుతుంది. సూర్యుడు ఉధృతంగా ఉన్న ఏళ్లలో భారత గగనంలో మధ్యాహ్నం పూట వంద యూనిట్లు దాటడమూ ఉంది. అంటే ఒక్కో ఉపగ్రహం దూరంలో 16 మీటర్ల తేడా. గుంట పొడవు కన్నా ఎక్కువ! అయితే ఈ తప్పులో సగందాకా దిద్దుకునే సూత్రాన్ని ఉపగ్రహాలే పంపుతాయి. రెండు పౌనఃపున్యాలు అందుకునే సర్వే పరికరాలైతే దాదాపు మొత్తం తుడిచేసుకుంటాయి.

ధ్రువాల దగ్గర తుఫాను

ఇలాంటి అలజడి అనగానే అందరికీ గుర్తొచ్చేది ధ్రువ ప్రాంతాలే. సూర్యుడి నుంచి వచ్చే కణాలు భూఅయస్కాంత రేఖల వెంట అక్కడికి దిగుతాయి. రంగురంగుల ధ్రువకాంతులు వాటి పుణ్యమే. 2003 తర్వాత అంత పెద్ద తుఫాను 2024 మే 10, 11 తేదీల్లో వచ్చింది. లద్దాఖ్‌లోని హాన్లేలోనూ ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో మొక్కజొన్న విత్తే వేళ... జీపీఎస్‌తో సాలు తప్పకుండా నడిచే ట్రాక్టర్లు దారి తెలియక ఆగిపోయాయి. ఎద్దులకు ఆ ఇబ్బంది లేదనుకోండి!

ధ్రువాల దగ్గర పుట్టిన విద్యుత్ క్షేత్రాలు నిమిషాల్లో భూమధ్యరేఖ దాకా పాకుతాయి. కొన్ని గంటలకు అక్కడ వేడెక్కిన గాలులూ వస్తాయి. వాటి దెబ్బకు మన మీది పొర ఉబ్బొచ్చు, తగ్గొచ్చు.

తుఫాను లేకున్నా...

అసలు సంగతేమిటంటే, మన దగ్గర అలజడికి తుఫాను అక్కర్లేదు. మామూలు సాయంత్రం చాలు.

అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. రాకెట్ కేంద్రానికి తుంబాను ఎంచుకున్నది అందుకే. పగలు ఆ రేఖ మీదున్న ఎలక్ట్రాన్లు ఫౌంటెన్‌లా పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట రెండు వైపులా జారతాయి. ఉత్తరాన అవి కుప్పపడేది అహ్మదాబాద్, కోల్‌కతా దిక్కున. పాలమూరు ఈ రెంటికీ మధ్య, ఏటవాలులో ఉంది. కాస్త దూరం జరిగితే ఎలక్ట్రాన్ల లెక్క మారిపోతుంది. దూరంగా ఉన్న బేస్ స్టేషన్ చెప్పే దిద్దుబాటు చేలో నిలబెట్టిన రోవర్‌కు అచ్చంగా సరిపోకపోవచ్చు.

పొద్దుగూకాక కథ మారుతుంది. కిందిపొర చప్పున పలచబడుతుంది, పైన బరువు మిగులుతుంది. నూనె మీద నీళ్లు పోస్తే నూనె బుడగలై పైకి తన్నుకొస్తుంది చూడండి, అలా పలచని బుడగలు పైకి లేస్తాయి. వందల కిలోమీటర్లు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. వాటి గుండా వచ్చే సంకేతం నక్షత్రంలా మిణుకుమిణుకుమంటుంది. రెండు పౌనఃపున్యాలున్నా లాభం లేదు. సంకేతమే జారిపోతే దిద్దుకునేదేముంది? అప్పటిదాకా ‘ఫిక్స్’ చూపించిన రోవర్ ‘ఫ్లోట్’లోకి పోతుంది. సెంటీమీటర్ల మాట పోయి మీటర్ల మాటొస్తుంది.

ఇది ఎక్కువగా రాత్రి ఏడు నుంచి అర్ధరాత్రి దాకా. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టూ మరీ ఎక్కువ... అంటే ఉగాదికి ముందూ వెనకా, మళ్లీ బతుకమ్మ ఆడే రోజుల్లో. తిరుపతి దగ్గర గాదంకిలోని రాడార్ ఈ బుడగలు లేవడాన్ని ఎన్నో రాత్రులు చూసింది. విచిత్రమేమిటంటే, పెద్ద తుఫాను వచ్చిన కొన్ని రాత్రుల్లో అసలు బుడగలే పుట్టవు!

విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, ఉస్మానియాలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ విభాగంలోనూ ఏళ్ల తరబడి ఇదే చదువు. విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన ‘గగన్’కూ ఇదే పెద్ద చిక్కైంది. అమెరికా పద్ధతిలో అయనావరణాన్ని ఒకే పలచని పొరగా లెక్కేస్తే ఇక్కడ కుదరలేదు. అనేక పొరలుగా లెక్కగట్టే సొంత నమూనా తయారుచేసుకున్నారు. మన ‘నావిక్’ ఉపగ్రహాలు వాడే ఎస్ బ్యాండ్‌లో ఈ ఆలస్యం జీపీఎస్ కన్నా బాగా తక్కువ.

నలభైనాలుగో నంబరు జాతీయ రహదారి మీద ఫోన్ చూసుకుంటూ పోయే లారీ డ్రైవరుకు ఇదేమీ పట్టదు. నాలుగు మీటర్లు అటూ ఇటూ అయినా పెబ్బేరు పెబ్బేరే. పట్టేది హద్దు కొలిచేవాళ్లకు. అందుకే జాగ్రత్తగల సర్వేయర్లు రోవర్‌ను ముందు లెక్క తెలిసిన రాయి మీద నిలబెట్టి చూస్తారు. చీకటి పడ్డాక ఫ్లోట్ అంటే పెట్టె సర్దేస్తారు. తగాదా ఉన్న గట్టునైతే మరోరోజు, మరోపూట వచ్చి మళ్లీ కొలుస్తారు. రెండు లెక్కలూ కలిస్తేనే రాయి పాతిస్తారు.