ఇరవై నాలుగు గంటల నొప్పి

అపెండిసైటిస్‌కు మన తెలుగువాళ్లు పెట్టుకున్న పేరు 'ఇరవై నాలుగు గంటల నొప్పి'. నీలం నగర్‌లో వైద్యం చేస్తున్న నాకు ఈ పేరంటేనే కొంచెం భయం. ఒక రోజు ఓర్చుకుంటే పోతుందని అనుకునేవాళ్లు ఉన్నారు. ఆలోగా డాక్టరు దగ్గరికి చేరాలన్నదే అందులోని తొందర.

రక్తపరీక్ష, స్కానింగు సాయపడతాయి గానీ, సగం జబ్బు రోగి మాటల్లోనే దొరుకుతుంది. మొదట బొడ్డు చుట్టూ నొప్పి. అన్నం సయించదు. తర్వాత వికారం, ఒకటి రెండు వాంతులు. కొన్ని గంటలకు నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగి అక్కడే నిలుస్తుంది. దగ్గినా, ఆటో గతుకుల్లో పడినా పొడిచినట్టుంటుంది. కుడి తుంటి ఎముక కొన నుంచి బొడ్డు దాకా గీత గీసి, అందులో మూడో వంతు దగ్గర నొక్కితే రోగి విలవిలలాడతాడు. 1889లో న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ చూపిన చోటు అది.

ఈ వరుస చెప్పడంలోనే మన ఇళ్లలో చిక్కు. "పొద్దుగాల బొడ్డు చుట్టు మెలిపెట్టింది, మాపటికి కుడిదిక్కు దిగింది" అంటుంది నాయనమ్మ. మరాఠీ బడిలో చదివే మనవడు పెద్దాసుపత్రిలో దాన్ని "పోట్ దుఖ్తంయ్" అని తేల్చేస్తాడు. డాక్టరుకు కావలసిందంతా అక్కడే జారిపోతుంది. బొడ్డంటే 'బేంబీ' అని పిల్లలకు నేర్పండి. నొప్పి ఎక్కడ మొదలై ఎటు పోయిందో వేలితో చూపించమనండి.

రాత్రి పాళీ చేసి వచ్చినవాడు బీము ఎత్తినందుకు పట్టేసిందనుకుంటాడు. ఇంట్లో ఆముదం పట్టిస్తారు. అది వద్దు, వాచిన అపెండిక్స్ చిట్లే ముప్పు పెరుగుతుంది. ఏమీ తినిపించకుండా తీసుకురండి. ఏ మందూ లేకుండా నొప్పి హఠాత్తుగా తగ్గితే సంతోషించకండి, చిట్లినప్పుడు కూడా కాసేపు అలాగే ఉంటుంది. 1902లో ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి రెండు రోజుల ముందు ఈ జబ్బుతోనే ఆపరేషన్ బల్ల ఎక్కాడు. పట్టాభిషేకం ఆగస్టుకు వాయిదా పడింది. బీము మీద పని మిగిలిందనేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను.

చిన్నపిల్లల్లో, ముసలివాళ్లలో, గర్భిణుల్లో గుర్తులు ఇంత తిన్నగా ఉండవు. మూత్రనాళంలో రాయి ఉన్నా, ఆడవాళ్లకు గర్భం గొట్టంలో నిలిచినా ఇలాంటి నొప్పే రావచ్చు. అందుకే నెలసరి తేదీ అడుగుతాం. మామగారు పక్కనుంటే కోడలు తల దించుకుంటుంది, జవాబు రాదు. అప్పుడు మగవాళ్లను బయట కూర్చోమంటాను, ఎవరూ కోపగించుకోకండి.